ఆయన తోడిని ఆమె మీద సాక్ష్యం పెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మీ జిల్లా పేజీలో మా కడప నాదస్వర విద్వాంసుడు ఒకాయన మీద స్మృతి వ్యాసం వేశారు. తర్వాత దాని మీద రెండు ఉత్తరాలు అచ్చయ్యాయి. ఆయన పక్కన 1988 నుంచి 2006 దాకా 18 ఏళ్లు డోలు వాయించినవాణ్ణి నేను. ఆ మూడూ చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఉత్తరం పొడుగైంది, వీలైతే కోయకుండా వేయండి. ఇందులో ఆయన ఇంటి సంగతులు కొన్ని ఉన్నాయి. ఆయన భార్యను అడిగి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దంది. అందుకే ఆయన పేరు రాయలేదు, నా పేరు కూడా వేయొద్దని మనవి.

వ్యాసం రాసినాయన చివర్లో ఒక మాటన్నారు, అంత సున్నితంగా తోడి రాగం ఊదిన మనిషి మనసు ఇంకెంత సున్నితమో అని. కుటుంబాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడని కూడా రాశారు. మొదటి ఉత్తరం రాసినాయనకు అది చదివి ఒళ్లు మండింది. తాగుబోతు ఊదిన ఊదుడుకు పేపర్లో చోటెందుకు, అదేం సంగీతం అన్నారు. రెండో ఉత్తరం రాసిన పెద్దాయన త్యాగరాజస్వామి మాట తెచ్చి, భక్తీ నడవడికా లేనివాడి దగ్గర సంగీతం ఉండదని తేల్చేశారు. ముగ్గురూ చదువుకున్నవాళ్లే. కానీ మనిషి సంగతి మనిషి దగ్గర, నాదస్వరం సంగతి నాదస్వరం దగ్గర ఉంచినవాళ్లు ముగ్గురిలో ఒక్కరూ లేరు.

ముందు వ్యాసం సంగతి. తోడి గురించి ఆయన రాసింది నిజం, ఇంకా తక్కువే రాశారు. సన్నాయికి వేళ్లు ఆడే రంధ్రాలు ఏడే. మధ్య స్వరాలన్నీ వేలు సగం ఎత్తి, నోట్లో పెట్టుకుని ఊదే పీకను పెదవితో నొక్కి, ఊపిరి పెంచి తగ్గించి రాబట్టుకోవాల్సిందే. హార్మోనియంలో లాగా మెట్టు నొక్కితే పలికేవి కావు. అందులోనూ తోడిలో గాంధారం, అంటే గ స్వరం, ఎక్కడ పట్టాలి, ఎంత ఊపాలి అన్నదానికే ఏళ్లు పడతాయి. మా అన్న, అంటే ఆ విద్వాంసుడు, పంచమం వదిలేసి ధైవతం మీద నుంచి గాంధారం దాకా దిగి వస్తుంటే, పక్కన డోలు మీద నా చేతులు వాటంతటవే ఆగిపోయేవి. వేలి తొడుగులు ఉండగానే కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి. ఆయన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి, ఈ ఉత్తరంలో కూడా అలాగే రాస్తాను.

1994 ఆషాఢం. ముహూర్తాలు లేని నెల, మేళాల వాళ్ల చేతిలో డబ్బు ఆడని నెల. ఒక రాత్రి పదకొండు దాటాక వదిన ఇద్దరు పిల్లల్ని తీసుకొని మా ఇంటికి వచ్చింది. ఎడమ చెవి కింద రక్తం గడ్డకట్టి ఉంది. చిన్నది నిద్రలో నడుస్తున్నట్టు నడిచి వచ్చి మా గడప మీదే పడుకుంది. తెల్లారి నలుగురు పెద్దలు కూర్చున్నారు. అందులో ఒకాయన సంగీతం బాగా తెలిసినవాడు, ఊళ్లో ఏ కచేరీ అయినా ముందు వరసలో ఉండేవాడు. ఆయన వదినతో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అంత తోడి ఊదేవాడు చెయ్యెత్తింటాడా అమ్మా? నువ్వే ఏందో అనింటావు."

వదిన తల ఎత్తలేదు. నేను పక్కనే ఉన్నాను. రాత్రి రక్తం కడిగింది మా ఇంటిదే. అయినా నోరు మెదపలేదు. ఆయన లేకపోతే నాకు మేళం లేదు, నా పిల్లలకు ఫీజుల్లేవు. ఆ రోజు మేమందరం కలిసి ఆయన తోడిని ఆమె మీద సాక్ష్యం పెట్టాం. ఆమె తిరిగి అదే ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. జాకెట్లు కుట్టి ఇద్దరినీ చదివించింది, కూతురి పెళ్లి చేసింది. కంటికి రెప్పలా చూసుకున్నది ఎవరో వీధిలో ఎవరినడిగినా చెప్తారు. మీ వ్యాసం మూడు పదుల ఏళ్ల తర్వాత ఆ పెద్దమనిషి మాటనే మళ్లీ అంది. రాసినాయనకు తెలిసి ఉండదు. తెలియనప్పుడు తోడి గురించి రాసి ఆగిపోవాల్సింది.

ఇక మొదటి ఉత్తరం. ఆ కోపం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే అదే తప్పు వాళ్లకంటే ముందు నేను చేశాను.

1997 మాఘమాసంలో ప్రొద్దుటూరు దగ్గర ఒక ఊరి తేరుకు వెళ్లాం. అంతకుముందు నాలుగు పెళ్లిళ్లకు నాకు రావాల్సిన 1,600 రూపాయలు అన్న ఇవ్వలేదు. ఆ సాయంత్రం అడిగితే, అడ్వాన్సు ఖర్చయిపోయింది, ఇష్టముంటే వాయించు లేకుంటే పో అన్నాడు. కడుపు మండిపోయింది. అదే మంటతో వేదిక మీద కూర్చున్నాను. ఆ రాత్రి ఆయన ఖరహరప్రియ రాగం తీసుకున్నాడు. కడపకు తిరిగి వచ్చాక అప్సరా సర్కిల్ దగ్గర టీ అంగట్లో, మేళాల వాళ్లం కూడే చోట, నేను చెప్పిన మాట ఇది: "గాంధారం తక్కువ పట్టినాడు. ఊపిరి ఆడ్లేదు. తాగి ఊదితే అంతే గదా." అబద్ధం చెప్తున్నానని నాకు అప్పుడు అనిపించలేదు. నా చెవికి నిజంగా అట్లే వినిపించింది. డబ్బు ఎగ్గొట్టాడని చెప్పుకోవడానికి నామోషీ. గాంధారం తప్పాడంటే విద్వత్తుగా ఉంటుంది.

ఆ మాట తిరిగింది. మరుసటి ఏడు ఆ ఊరివాళ్లు ఆయన్ని పిలవలేదు, గాంధారం నిలబడదంట గదా అన్నారని తర్వాత తెలిసింది.

2012లో మైకు సెట్ అతను అంగడి ఎత్తేస్తూ ఒక సంచీ నిండా క్యాసెట్లు నా చేతిలో పెట్టాడు. మొత్తం 23. అందులో ఆ రాత్రిది ఉంది. తలుపు వేసుకొని ఒక్కణ్ణే విన్నాను. క్యాసెట్ వేగం కొంచెం అటూ ఇటూ అయ్యుంటుందని ఎవరైనా అనొచ్చు. కానీ ఆనాటి శ్రుతి పెట్టె కూడా అదే టేపులో మోగుతూ ఉంది, దాంతోనే పోల్చి విన్నాను. గాంధారం ఎక్కడా తక్కువ లేదు. రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నా లేదు. తప్పింది వేరే చోట. స్వరకల్పనలో, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి ఊదే చోట, రెండో కాలం (రెట్టింపు వేగం) వచ్చేసరికి డోలు పరుగెత్తింది. అంటే నేను. కోపంలో చేయి ముందుకు తోసుకుపోయింది. ఒకచోట నేను సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, మీదికి తొందరపడి వచ్చేస్తే, అన్న ఊదుతున్న స్వరాలను అక్కడికక్కడే కుదించి నాతో పాటు సమం మీద పడ్డాడు. ముందు కూర్చున్న వెయ్యిమందిలో ఒక్కరికి కూడా తెలిసి ఉండదు. నాకే పదిహేనేళ్ల తర్వాత తెలిసింది.

దాన్ని చూపించి ఆయన లోపల మంచివాడని నేననను. గంట ముందు నా డబ్బు ఎగ్గొట్టినవాడు ఆయనే. వేదిక మీద తాళం కాపాడటం ఆయనకు చేతనైన పని, చేశాడు. నా 1,600 ఇప్పటికీ రాలేదు. అసలు నష్టం ఇంకొకటి. నేను గాంధారం గురించి కాకుండా డబ్బు గురించి మాట్లాడి ఉంటే, నా తర్వాత ఆయన దగ్గర చేరిన కుర్రవాళ్లు జాగ్రత్తపడేవాళ్లు. మాట్లాడలేదు. ఇద్దరు నాలాగే మోసపోయారు.

తాగుడు ఆయన ఊదడాన్ని ఎప్పుడూ పాడు చేయలేదని కూడా అనను. 2003లో రాయచోటిలో ఒక పెళ్లి. తారస్థాయి షడ్జం, అంటే పై స, మీద నిలబడలేక మూడుసార్లు కిందికి వచ్చేశాడు. రాగం ఐదు నిమిషాల్లో ముగించి చిన్న చిన్న కీర్తనలతో నడిపించాడు. ఆ రాత్రి బాగాలేదని మొహం మీదే చెప్పాను. అది వినిపించిన తప్పు. ఉత్తరం రాసినాయన కూడా ఫలానా రోజు, ఫలానా రాగంలో, ఫలానా చోట అని రాసి ఉంటే నేను తల వంచి ఒప్పుకునేవాణ్ణి. ఆయన ఒక్క రాగం పేరు కూడా రాయలేదు.

నేను ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్లినప్పుడు నా పేరు లోపలికి పోలేదు, నెంబరు పోయింది. విన్నవాళ్లకు నేనెవరి కొడుకో, నా కులమేదో, అప్పులున్నాయో లేవో తెలియదు. వాళ్ల చేతిలో ఉన్నది నా డోలు శబ్దం ఒక్కటే. మొదటిసారి ఫెయిల్ చేశారు. కాలప్రమాణం, అంటే లయ వేగం, నిలకడగా లేదన్నారు. నిజమే, లేదు. ఆ ఏడాదంతా సాధన చేసి మళ్లీ వెళ్లాను. ఎవరిమీదా కోపం రాలేదు.

రెండో ఉత్తరం పెద్దాయనకు ఒక మాట చెప్పుకుంటాను, తప్పుగా అనుకోవద్దు. త్యాగరాజస్వామి భక్తి లేని సంగీత జ్ఞానం సన్మార్గం కాదన్నారు. అది పాడేవాడు తన మనసుకు చెప్పుకోవాల్సిన మాట, వాడు తరించే దారి గురించిన మాట. భక్తి లేనివాడికి శ్రుతి కలవదని ఆయన అనలేదు. భక్తి ఉంటే చాలు కలుస్తుందని కూడా అనలేదు. మన ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు (1924–99) రంగనాథుడి సన్నిధిలో ఎంత వినయంగా ఉండేవారో మా పెద్దలు కథలుగా చెప్పేవారు. 1998లో సంగీత కళానిధి బిరుదు వచ్చింది. ఆ వినయం నిజమే కానీ, ఆయన నాదం వినయం వల్ల రాలేదు. ఇక్కడ నేర్చుకున్నది చాలక తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గరికి పోయి మళ్లీ శిష్యుడిగా కూర్చున్నందుకు వచ్చింది. దేవుడికి దండం పెట్టే మంచివాళ్లు మా మేళాల్లో చాలామంది ఉన్నారు. మంచితనం పీకలోకి దూరదు. నేను పొద్దున్నే లేచి ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేసినంత మాత్రాన నా డోలు ఆ రాత్రి పరుగెత్తకుండా ఆగలేదు.

నడవడిక అనే మాట వాడేటప్పుడు ఎవరి మీద వాడుతున్నామో కూడా చూసుకోవాలి. ఆ తంజావూరు బాణీలో ఎంతో పెద్ద పేరు తిరువావడుతురై రాజరత్నం పిళ్లై గారిది (1898–1956). ఆయన తాగుడు గురించి, ఒప్పుకున్న కచేరీకి రాకపోవడం గురించి కథలు కథలుగా చెప్తారు. అది ఒక సంగతి. కానీ జుట్టు కత్తిరించి క్రాపు పెట్టుకున్నాడని, కోటు తొడిగాడని, నాదస్వరం వాళ్లు కూడా వేదికెక్కి కూర్చునే వాయిస్తారని పట్టుబట్టాడని కూడా ఆయన్ని పొగరుబోతు అన్నారు. మేళగాళ్లకు పెళ్లిలో ఆఖరి బంతి పెట్టేవాళ్లు పెట్టే పేరు అది. ఆ కూర్చోవడం వల్లే ఈరోజు నేను కూడా వేదిక మీద కూర్చుంటున్నాను. మాట ఇచ్చి ఎగ్గొట్టడాన్నీ, తలెత్తుకుని కూర్చోవడాన్నీ ఒకే గంపలో వేసి గుణం మంచిది కాదంటే ఎట్లా?

పెద్దాయన త్యాగరాజస్వామి పేరెత్తారు కాబట్టి ఇంకొకటి. తిరువయ్యారులో స్వామి సమాధి మీద గుడి కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు. తన సొంత డబ్బుతో కట్టించారు, 1925లో కుంభాభిషేకం జరిగింది. ఆమె దేవదాసీ ఇంట్లో పుట్టింది. ఆ స్వామి ఆరాధనలోనే ఆడవాళ్లు పాడటానికి వీల్లేదన్నారు. ఆమె ఆడవాళ్లందరినీ కూడగట్టుకొని వేరుగా పాడించింది. వద్దన్నవాళ్లలో ఎవరైనా ఆమె శ్రుతి గురించి మాట్లాడారా? పుట్టుకను చూసి నడవడిక అన్నారు. ఆమె ఎవరికీ కీడు చేయలేదు. మా అన్న చేశాడు. ఆ ఇద్దరికీ ఒకే మాట వాడితే వదిన చెవి కింది గాయానికి విలువ లేకుండా పోతుంది.

అట్లని తప్పు చేసినవాణ్ణి వేదికెక్కించి దండలు వేయమంటున్నానని అనుకోకండి. 2018లో సంగీతకారుల మీద ఆడపిల్లలు నోరు విప్పి చెప్పుకున్నప్పుడు, మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆ డిసెంబరు కచేరీల నుంచి ఏడుగురిని తప్పించింది. అప్పుడు నా డోలు స్నేహితుల్లో చాలామంది, కళకూ దానికీ ఏం సంబంధం అన్నారు. సంబంధం ఉంది. వేదిక ఇవ్వడం, ఇవ్వకపోవడం మనిషికి సంబంధించిన నిర్ణయం. కూతుళ్లను పాఠానికి పంపాలా వద్దా అన్నది అంతకంటే పెద్ద నిర్ణయం. 2000 తర్వాత ఒక తల్లి వచ్చి మా పిల్లను మీ అన్న దగ్గర చేర్పించమంటారా అని అడిగితే, వద్దమ్మా అని నేనే చెప్పాను. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను. ఎందుకు వద్దో కూడా చెప్పాను, ఈసారి గాంధారం మీద నెట్టలేదు.

ఆయన పేరుతో పిల్లలకు పోటీలు పెట్టి ఏటా బహుమతి ఇవ్వాలనుకుంటున్నట్టు మీ వ్యాసంలో ఉంది. అది నాకు నచ్చలేదు. బహుమతికి పేరు పెట్టడమంటే ఆ మనిషిలా ఉండమని పిల్లలకు చెప్పడమే. వదిన, ఆమె పిల్లలు ఈ జిల్లాలోనే బతుకుతున్నారు. ఏటా ఆ బ్యానర్ కింద నడవాల్సింది వాళ్లు. పేరు పెట్టకుండా ఆ డబ్బుతో నాలుగు శ్రుతి పెట్టెలు కొని నేర్చుకునే పిల్లలకివ్వండి.

అదే సమయంలో ఆ క్యాసెట్లను పారేయమంటే నేను ఒప్పుకోను. ఒక కుర్రవాడు, బాగా ఊదేవాడు, మొన్న నా దగ్గరికి వచ్చి, ఆయన బాణీలో తోడి ఊదితే జనం ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది మామా అన్నాడు. తేరు బయల్దేరేటప్పుడు ఊదే మల్లారిని అన్న మూడు కాలాల్లో నడిపిన పద్ధతి ఇప్పుడు మన జిల్లాలో వేరెవరి దగ్గరా నేను వినలేదు. ఆయన చనిపోయాడు. వింటే ఆయనకు పైసా పోదు, పొగడ్త చేరదు. వినకపోతే నష్టం ఆ కుర్రవాడికి.

ఈ ఉత్తరం రాసే ముందు ప్రొద్దుటూరు వెళ్లాను. వదిన అక్కడ కూతురి దగ్గర ఉంది. క్యాసెట్లలో 11 ఫోన్‌లోకి ఎక్కించాను, వదినా, వింటావా, వద్దంటే తీసుకుపోతాను అన్నాను. చెనిక్కాయలు ఒలుస్తోంది. పెట్టు అంది. తోడి పెట్టాను. ఆలాపన సగం అయ్యేదాకా చేతులు ఆగలేదు. ఆయన ధైవతం నుంచి దిగి గాంధారం పట్టుకున్న చోట ఆగాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ సాధన విన్న మనిషి. మా అందరికంటే ఆ గాంధారం ఆమెకే ఎక్కువ తెలుసు.

"బాగా ఊదినాడు," అంది. "పొద్దున పూట ఇంకా బాగుండేది." కొంచెంసేపు ఆగి, "ఇంక ఆపప్పా," అంది. ఆపేశాను. మళ్లీ చెనిక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. పేపర్లో పడిన మాట గురించి అడిగాను. కంటికి రెప్ప అన్న మాట కూతురు చదివి వినిపించిందట. "అదొకటి తీసేయమని రాయి," అంది.

కాబట్టి సంపాదకుల వారికి నా విన్నపం. మీ వ్యాసంలో కుటుంబాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడన్న వాక్యం నిజం కాదని, ఆ ఇంటిని, ఇద్దరు పిల్లల్ని కుట్టుమిషన్ మీద నిలబెట్టింది ఆయన భార్య అని సవరణ వేయండి. తోడి గురించి రాసింది అలాగే ఉంచండి. క్యాసెట్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నేర్చుకునే పిల్లలెవరైనా కావాలంటే మీ కడప ఆఫీసులో అడిగితే నాకు కబురు పెట్టండి, కాపీ చేసి ఇస్తాను. 1997 మాఘం క్యాసెట్ కూడా ఇస్తాను. అందులో రెండో కాలంలో పరుగెత్తే డోలు నాదేనని వాళ్లకు చెప్పే ఇస్తాను.

ఇట్లు,
ఒక డోలు వాద్యకారుడు,
కడప